నలభై మూడో ఏట మళ్ళీ పరీక్షలు!

సైనిక్‌పురిలో మా ఎదురింటి భోజనాల బల్ల మీద ఆరు నెలల పాటు అన్నం గిన్నె పెట్టడానికి చోటుండేది కాదు. ఒక పక్క పదో తరగతి అమ్మాయి లెక్కల పుస్తకాలు. ఇంకో పక్క వాళ్ళ నాన్నగారి పుస్తకాలు. ఆయన వింగ్ కమాండర్. ఇరవై ఏళ్ళు వైమానిక దళంలో రవాణా విమానాలు నడిపిన మనిషి. లేహ్‌లో మంచు మీదా, అస్సాంలో వాన లోనూ ఏఎన్-32 దింపిన చేతులవి. ఆ చేతులే ఇప్పుడు పెన్సిలు పట్టుకుని మేఘాల రకాలు బట్టీ పడుతున్నాయి!

విజయనగరం నుంచి వచ్చిన అత్తగారు రెండు రోజులు చూసి చూసి మూడో రోజు అడిగేశారట. "ఏట్రా నాయనా, మళ్ళీ పదో తరగతేటి?" అని.

ఇది 2018 నాటి మాట. అప్పటికి ఆయన వయసు నలభై మూడు. వైమానిక దళం నుంచి బయటికి వచ్చి ప్రయాణికుల విమానం నడపాలని నిర్ణయించుకున్నారు. మనకేం తెలుసు? విమానం నడిపేవాడికి ఏ విమానమైనా ఒకటే అనుకుంటాం. స్కూటర్ నడిపేవాడు ఇంకో కంపెనీ స్కూటర్ ఎక్కినట్టే కదా అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఎదురింటి వదిన గారితో ఆ ఏడాదంతా సాయంత్రాలు గోడ మీదుగా కబుర్లు చెప్పుకున్నాక గానీ అసలు సంగతి అర్థం కాలేదు.

ఎందుకు వదిలేస్తారు?

మన హైదరాబాదు వాళ్ళకి వైమానిక దళం కొత్త కాదు. దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీకి 1967లో శంకుస్థాపన జరిగింది. 1971 నుంచి అక్కడ శిక్షణ సాగుతోంది. హకీంపేట వైపు ఇళ్ళున్న వాళ్ళకి పొద్దున్నే ఆ చప్పుడు అలవాటే. అక్కడ నేర్చుకుని ఇరవై ఒకటో ఇరవై రెండో ఏట ఛాతీ మీద రెక్కలు తగిలించుకున్న కుర్రవాడు, నలభై దాటేసరికి ఒక మలుపు దగ్గరికి వస్తాడు.

ఆ మలుపు ఏమిటంటే, హోదా పెరిగే కొద్దీ విమానం దూరమవుతుంది. కుర్చీ, ఫైళ్ళు, మీటింగులు దగ్గరవుతాయి. పైకి వెళ్ళే మెట్లు తక్కువ, ఎక్కాల్సిన వాళ్ళు ఎక్కువ. తర్వాతి ప్రమోషన్ రాకపోతే, అదే హోదాలో రిటైరయ్యే దాకా ఉండిపోవాలి. ఇంకోపక్క ఇరవై ఏళ్ళ సర్వీసు నిండితే అధికారికి పెన్షన్ అర్హత వస్తుంది. ప్రయాణికుల విమానాల్లో అయితే 65 ఏళ్ళ దాకా నడపొచ్చు. 60 దాటితే పక్కన కూర్చునే పైలట్ అంతకన్నా చిన్నవాడై ఉండాలి, అంతే.

ఈ లెక్కలన్నీ వదిన గారు ఒక పాత డైరీలో రాసుకున్నారు. ఎడమ పక్క వచ్చేవి: పెన్షన్, గ్రాట్యుటీ, వాడని సెలవుల డబ్బు, కొత్త ఉద్యోగంలో పెద్ద జీతం. కుడి పక్క పోయేవి: క్వార్టరు, పిల్లల స్కూలు, తోటి ఆఫీసర్ల కుటుంబాలు, ఇరవై ఏళ్ళుగా అలవాటైన ఒక పద్ధతి. "ఎడమ పక్క వాటికి అంకెలున్నాయి గానీ కుడి పక్క వాటికి ఏం వెయ్యాలో తెలీలేదమ్మా" అన్నారు.

అడగ్గానే వదిలిపెట్టరు కూడా. సర్వీసులో ఉన్న అధికారి బయటికి రావాలంటే వైమానిక దళం అనుమతించాలి. ఒక పైలట్‌ని తయారు చేయడానికి ప్రభుత్వం ఎంతో డబ్బు, ఏళ్ళ కాలం ఖర్చు పెడుతుంది. పైలట్ల కొరత ఉన్నప్పుడు ఆ కాగితం కదలదు. అది తప్పని నేననను. మన వంటింట్లో పని నేర్పిన మనిషి పక్కింటికి వెళ్ళిపోతేనే మనకి ఎంత కష్టంగా ఉంటుంది! అయితే ఆ కాగితం కోసం ఎదురుచూసే ఇంట్లో మాత్రం పిల్లల అడ్మిషన్లూ, అద్దె ఇంటి అడ్వాన్సులూ అన్నీ గాల్లో వేలాడుతూ ఉంటాయి.

గంటల లెక్క

పైలట్ ఆస్తి ఏమిటంటే అతని లాగ్ బుక్. ఏ రోజు, ఏ విమానం, ఎన్ని గంటలు, పగలా రాత్రా, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నీ అందులో ఉంటాయి. ఎయిర్‌లైన్ కెప్టెన్ కావడానికి కావలసిన లైసెన్సుని ఏటీపీఎల్ అంటారు. దానికి మొత్తం 1500 గంటలు ఎగిరి ఉండాలి. ఆ 1500లో రాత్రి పూట ఎన్ని, బయట ఏమీ కనబడకుండా పరికరాలు చూసి నడిపినవి ఎన్ని, తనే కమాండ్‌లో ఉండి ఊరి నుంచి ఊరికి వెళ్ళినవి ఎన్ని అని విడివిడిగా చూపించాలి. యూనిట్ పెద్ద సంతకం లేకపోతే ఆ పుస్తకానికి విలువ లేదు.

ఇక్కడే ఒక చిత్రం ఉంది. సినిమాల్లో హీరోలు యుద్ధ విమానం పైలట్లే కదా! కానీ గంటల లెక్కకొచ్చేసరికి వాళ్ళే వెనకబడతారు. యుద్ధ విమానం ఒకసారి లేస్తే గంటో, గంటంబావో. రవాణా విమానం నడిపేవాళ్ళు ఒక్క రోజులోనే నాలుగైదు గంటలు పోగు చేస్తారు. పైగా వాళ్ళు నడిపేవి రెండు, నాలుగు ఇంజన్ల పెద్ద విమానాలు. పక్కన ఇంకో పైలట్‌తో కలిసి పని చేయడం అలవాటై ఉంటుంది. హెలికాప్టర్ వాళ్ళ దారి వేరే. హెలికాప్టర్ లైసెన్స్ వేరు, విమానం లైసెన్స్ వేరు. అందుకే చాలామంది హెలికాప్టర్ల లోనే ఉండిపోతారు. మన రాజమండ్రి నుంచి సముద్రంలోని చమురు రిగ్గుల మీదికి మనుషుల్ని చేరవేసే హెలికాప్టర్లలో అలాంటి అనుభవమున్న వాళ్ళు పనికొస్తారు.

ఇక పరీక్షలు. విమానయాన నియమాలు, వాతావరణం, నావిగేషన్, విమానం యంత్రభాగాలు. అన్నీ డీజీసీఏ పెట్టేవే. నూటికి 70 వస్తేనే పాస్. మన రోజుల్లో 35 వస్తే దేవుడికి కొబ్బరికాయ కొట్టేవాళ్ళం! రేడియోలో మాట్లాడడానికి ఇంకో లైసెన్స్, ఇంగ్లీషు భాషకి ఇంకో పరీక్ష. ఇరవై ఏళ్ళుగా రేడియోలో మాట్లాడుతున్నవాడికి మళ్ళీ రేడియోలో మాట్లాడే పరీక్షేమిటని నాకు నవ్వొచ్చింది. "మిలిటరీ వాళ్ళ మాటలు వేరు, బయట ప్రపంచం అంతా వాడే మాటలు వేరు. ఒకే మాటకి రెండు అర్థాలుంటే మనుషులు చచ్చిపోతారండీ" అన్నారాయన మెత్తగా. నా నవ్వు ఆగిపోయింది.

ఒక్క మెడికల్ పరీక్ష మాత్రం ఆయనకి కొత్త కాదు. బెంగుళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ లాంటి వైమానిక దళ కేంద్రాల్లోనే పౌర విమానాల పైలట్లకీ ఈ పరీక్షలు జరుగుతాయి.

మొదటిసారి వాతావరణం పేపర్ పోయింది. నాలుగు మార్కుల్లో పోయింది. ఆ రోజు ఆయన భోజనం చేయలేదు. కూతురే వచ్చి "నాన్నా, నాకు ప్రీ-ఫైనల్లో సోషల్ పోయింది, అమ్మకి చెప్పలేదు. ఇద్దరం కలిసి చదువుదాం" అందట. ఆ సోషల్ సంగతి వదిన గారికి అప్పుడే తెలిసింది. తిట్టాలో నవ్వాలో తెలీలేదంటారు.

మూడు పట్టీల నుంచి రెండు పట్టీలకి

వింగ్ కమాండర్ భుజం మీద మూడు పట్టీలుంటాయి. ఎయిర్‌లైన్ కెప్టెన్‌కి నాలుగు. కో-పైలట్‌కి కంపెనీని బట్టి రెండో మూడో. ఎన్ని వేల గంటలు ఎగిరినా సరే, కొత్త కంపెనీలో చేరితే సాధారణంగా కుడి పక్క సీటు నుంచే మొదలు. ఆయనకి మొదట వచ్చినవి రెండు పట్టీలు. ఎడమ పక్కన కూర్చున్న కెప్టెన్‌కి ముప్ఫై రెండేళ్ళు.

నిన్నటి దాకా ఈయన గదిలోకి వస్తే పాతికమంది లేచి నిలబడేవాళ్ళు. ఇప్పుడు ముప్ఫై రెండేళ్ళ కుర్రవాడు "చెక్‌లిస్ట్" అంటే ఈయన చదవాలి. లైసెన్సు, జీతం సరే, చాలామందికి లోపల గుచ్చుకునేది ఇదే. ఇంట్లో ఆడవాళ్ళకి ముందు కనబడేదీ ఇదే. "మొదటి రెండు నెలలు ఇంటికొచ్చి చెప్పులు విసురుగా విప్పేవారు. నేనేం అడిగేదాన్ని కాదు, కాఫీ ఇచ్చి ఊరుకునేదాన్ని" అన్నారు వదిన గారు.

అయితే ఈ హోదాల గొడవ ఉత్త అహంకారం గొడవ కాదు, ప్రాణాల గొడవ. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫేలో పొగమంచులో రెండు జంబో విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. ముందు విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీర్‌కి అనుమానం వచ్చింది. అడిగాడు కూడా. కెప్టెన్ ఆ కంపెనీలో చాలా పెద్దవాడు, శిక్షణ ఇచ్చే స్థాయివాడు. ఖాళీగానే ఉందన్నాడు. ఇంజనీర్ మళ్ళీ గట్టిగా అనలేకపోయాడు. మన ఇళ్ళల్లో పెద్దాయన "నాకు తెలుసులే" అంటే మిగతావాళ్ళు నోరు మూసుకోవడం లేదూ? అలాగే. ఇలాంటి ప్రమాదాల తర్వాత 1979లో అమెరికాలో నాసా నిపుణుల్ని పిలిచి చర్చ పెట్టింది. కాక్‌పిట్‌లో చిన్నవాడు పెద్దవాడికి ఎలా చెప్పాలి, పెద్దవాడు ఎలా వినాలి అన్నది అప్పటి నుంచి ఒక పాఠం అయింది. ఇవాళ అన్ని ఎయిర్‌లైన్స్ లోనూ అది తప్పనిసరి.

మిలిటరీ నుంచి వచ్చినవాళ్ళు రెండు వైపులా నేర్చుకోవాలి. కో-పైలట్‌గా ఉన్నప్పుడు తనకన్నా చిన్నవాడైన కెప్టెన్ చెప్పింది వినాలి. తప్పు కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పాలి. రేపు కెప్టెన్ అయ్యాక పక్కన కూర్చున్న పాతికేళ్ళ పిల్ల "సార్, ఎత్తు తగ్గిపోతోంది" అంటే వినాలి. యుద్ధంలో పని ఎలాగైనా పూర్తి చేసి రావాలి. ప్రయాణికుల విమానంలో ఏ మాత్రం అనుమానమున్నా దింపకుండా మళ్ళీ పైకి లేపడమే సరైన పని. ఈ రెండో అలవాటు రావడానికే ఎక్కువ రోజులు పట్టిందని ఆయనే ఒప్పుకున్నారు.

కొత్త విమానానికి టైప్ రేటింగ్ అనే శిక్షణ వేరే ఉంటుంది. సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి ఇంజను ఆపేస్తారు, పొగ పెడతారు, చక్రాలు దిగనివ్వరు. ఒకప్పటి ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు ఈ శిక్షణకి మన హైదరాబాదు ఫిరోజ్‌గూడకే వచ్చేవారు. కంపెనీ భరించకపోతే ఈ ఖర్చు లక్షల్లో ఉంటుంది. పెన్షన్ డబ్బంతా దీనిలోకే పోయిన ఇళ్ళున్నాయి. నా సలహా అడిగితే, ఉద్యోగం ఇస్తామని కాగితం చేతికి రాకముందు ఆ డబ్బు కట్టకూడదు. వదిన గారు నా సలహా అడగలేదు లెండి, ముందే తెలుసు ఆవిడకి.

అమ్మాయిల దారి

ఇక్కడ మన అమ్మాయిల సంగతి చెప్పుకోవాలి. 1994లో వైమానిక దళం ఆడపిల్లల్ని పైలట్లుగా తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ ఏడాది సెప్టెంబరు 2న హరితా కౌర్ దేఓల్ ఒంటరిగా ఆవ్రో విమానం నడిపింది. అప్పుడామె వయసు ఇరవై రెండు. రెండేళ్ళ తర్వాత, 1996 డిసెంబరు 24న ఆవ్రో విమానం ఆంధ్రప్రదేశ్‌లోనే కూలిపోయినప్పుడు చనిపోయినవాళ్ళలో ఆమె ఉంది. 2016 జూన్‌లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ యుద్ధ విమానాల విభాగంలో చేరిన తొలి మహిళలయ్యారు. వాళ్ళ పరేడ్ జరిగింది మన దుండిగల్‌లోనే.

కానీ తొలి బ్యాచ్‌ల అమ్మాయిలకి మగవాళ్ళకున్న పర్మనెంట్ కమిషన్ లేదు. షార్ట్ సర్వీస్ మాత్రమే. ఇరవై ఏళ్ళు నిండకుండానే గడువు అయిపోతుంది కాబట్టి పెన్షన్ లేదు. 2010లో ఢిల్లీ హైకోర్టు తీర్పుతో దారి కొంత తెరుచుకుంది. అప్పటికే బయటికి వచ్చేసిన 32 మంది మహిళా అధికారులు పన్నెండేళ్ళ పాటు కోర్టు చుట్టూ తిరిగితే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు వాళ్ళకి పెన్షన్ ప్రయోజనాలు ఇవ్వమంది. పన్నెండేళ్ళు! అందుకే ఎదురింటి వారు ఎయిర్‌లైన్‌కి వెళ్ళడం ఒక ఎంపిక అయితే, ఆ అమ్మాయిల్లో చాలామందికి అది అవసరం.

మా బంధువుల అమ్మాయి ఒకతె అలాగే వచ్చింది. సర్వీసు పూర్తయ్యేసరికి ముప్ఫై ఏడేళ్ళు, ఇద్దరు పిల్లలు. చిన్నవాడు నిద్రపోయాక రాత్రి పదింటి నుంచి ఒంటిగంట దాకా చదివేది. ఇప్పుడు ఎయిర్‌బస్ నడుపుతోంది. ఆమెకి ఎయిర్‌లైన్‌లో కొత్తగా అనిపించింది ఒకటే, పక్కన ఇంకో ఆడ పైలట్ ఉండడం. మన దేశంలో పైలట్లలో ఇంచుమించు నూటికి 15 మంది ఆడవాళ్ళు. ప్రపంచం మొత్తం మీద చూస్తే అయిదుగురే. 1966లో దుర్బా బెనర్జీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్‌గా చేరిన రోజున ఆ కంపెనీలో ఆడ పైలట్లు అసలు ఎవరూ లేరు.

అమెరికాలో టామీ జో షల్ట్స్ కథ మీరు వినే ఉంటారు. న్యూమెక్సికోలో పశువుల కొట్టాల మధ్య పెరిగిన పిల్ల. ఆడవాళ్ళు పైలట్లు కారని స్కూల్లోనే చెప్పారు. వైమానిక దళం కాదంది, నౌకాదళం తీసుకుంది. యుద్ధ విమానాలు నడిపి, 1993లో బయటికి వచ్చి ఎయిర్‌లైన్‌లో చేరింది. 2018 ఏప్రిల్ 17న ఆమె నడుపుతున్న విమానం ఎడమ ఇంజను ఆకాశంలో పగిలి, ముక్కలు తగిలి కిటికీ పోయింది. ఒక ప్రయాణికురాలు చనిపోయింది. మిగిలిన 148 మందితో ఆమె ఫిలడెల్ఫియాలో దిగింది. ఆ రోజు డ్యూటీ అసలు ఆమె భర్తదట. ఆయనా నౌకాదళం నుంచి వచ్చిన పైలటే. కొడుకు ఆటల పోటీకి వెళ్ళడం కోసం ఇద్దరూ డ్యూటీలు మార్చుకున్నారు. ఏ ఇంట్లోనైనా ఇంతే కదా, పిల్లల స్కూలు కోసం ఎవరో ఒకరు సర్దుకోవాలి.

ఆ రెండు నెలలు

ఎయిర్‌లైన్ ఉద్యోగం పూలపాన్పు అనుకోకండి. ప్రభుత్వ ఉద్యోగం కాదది. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయాయి. వాటిలో ఉన్న పైలట్లు రాత్రికి రాత్రి వేరే ఉద్యోగం వెతుక్కోవలసి వచ్చింది.

ఎదురింటాయన చేరిన ఏడాదికి కరోనా వచ్చింది. 2020 మార్చి 25 నుంచి మే 25 దాకా దేశంలో ప్రయాణికుల విమానాలే తిరగలేదు. జీతం సగానికి పడిపోయింది. ఇంటి లోనూ, అమ్మాయి ఇంటర్ ఫీజూ అలాగే ఉన్నాయి. వాళ్ళ ఇల్లు గడిచింది పెన్షన్ మీద. ఆ డైరీలో ఎడమ పక్క అన్నిటికన్నా చిన్న అంకె అదే! మా బంధువుల అమ్మాయికి ఆ పెన్షన్ కూడా లేదు. ఆ రెండు నెలలు బంగారం తాకట్టు పెట్టి గడుపుకుంది. తర్వాత విడిపించుకుంది లెండి.

వంటింట్లో మారినవి

ఇంట్లో ఒక పైలట్ ఉంటే వంటింటికీ నియమాలుంటాయి. డ్యూటీకి వెళ్ళే ముందు శ్వాస పరీక్ష ఉంటుంది. మద్యం ఆనవాలు కూడా కనబడకూడదు. మద్యం ముట్టని మనిషికైనా పుక్కిలించే మౌత్‌వాష్ చాలు, చిక్కు తెచ్చిపెట్టడానికి. మద్యం కలిసిన మౌత్‌వాష్, పళ్ళకి రాసుకునే జెల్ లాంటివి సిబ్బంది వాడకూడదని 2023లో డీజీసీఏ నియమాల్లోనే రాశారు. హోమియో చుక్కల మందుల్లో కూడా ఆల్కహాలుంటుందని మనం మరిచిపోతాం. జలుబుకి మనం మింగే మామూలు మాత్ర నిద్ర తెప్పిస్తే అదీ పనికిరాదు. వదిన గారి ఇంట్లో జలుబంటే మిరియాల చారు, ఆవిరి, అంతే.

టైము సంగతి చెప్పనే అక్కర్లేదు. తెల్లవారుఝామున నాలుగింటికి కారు వస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం పన్నెండింటికి నిద్ర, ఇంకోరోజు అర్ధరాత్రి భోజనం. వైమానిక దళంలో ఎక్కడికి బదిలీ అయినా నల్ల పెట్టెలు సర్దుకుని అందరూ కలిసి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఇల్లు కదలదు, ఆయన కదులుతారు. ఏడాదికి వెయ్యి గంటలకి మించి ఎగరకూడదన్న హద్దు ఉంది గానీ, పండగలకి ఇంట్లో ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. పోయిన సంక్రాంతికి ఆయన గౌహతిలో ఉన్నారు.

ఇంకో మాట విని నేను ఆశ్చర్యపోయాను. విమానంలో ఇద్దరు పైలట్లూ ఒకటే భోజనం చేయరు. ఒకదానిలో ఏదైనా తేడా ఉండి ఒకరికి కడుపు చెడితే రెండోవారు క్షేమంగా ఉండాలి కదా! ఎయిర్‌లైన్స్ ఈ జాగ్రత్త పాటిస్తాయి. ఆయన ఇప్పుడు కెప్టెన్, నాలుగు పట్టీలు. ఇంటి నుంచి డబ్బా తీసుకెళ్ళే రోజున వదిన గారు రెండు డబ్బాలు కడతారు. ఒకదానిలో పులిహోర, రెండోదానిలో చపాతీ, బంగాళదుంప కూర. పక్క సీటులో ఎవరు వస్తారో ముందు రోజు సాయంత్రానికి గానీ తెలియదు. ఈమధ్య వచ్చేవాళ్ళలో సగం మంది పాతికేళ్ళ పిల్లలేనట, హాస్టల్ తిండి తిని చిక్కిపోయినవాళ్ళు.

"ముందు ఆ పిల్లల్ని ఏది కావాలో తీసుకోమనండి, మిగిలింది మీరు తినండి అని చెప్తాను" అన్నారు వదిన గారు. "అందరూ పులిహోరే తీసేసుకుంటున్నారు. పాపం ఈయనకి చపాతీలే మిగులుతున్నాయి."